కరకట్ట మీద అలక

పటమటలో మా బాల్కనీలో ఒక ఇనప స్టాండు ఉంది. దానికి నా సైకిల్ వెనక చక్రాన్ని బిగించి రోజూ పొద్దున్నే కాసేపు తొక్కమని ఫిజియోథెరపీ అమ్మాయి ఆజ్ఞ. పోయిన చలికాలంలో కుడి మోకాలు మార్పించుకున్నాను. రోడ్డెక్కడానికి ఇంకా అనుమతి రాలేదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, చెమట కారుతూనే ఉంటుంది, తులసి కుండీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, "ఎందాకా వెళ్ళారు?" అని అడుగుతుంది. "కంకిపాడు దాటాను" అంటాను. "వచ్చేటప్పుడు వంకాయలు పట్రండి" అని లోపలికి పోతుంది. ఇవాళ కూడా అలాగే తొక్కుతున్నాను. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి, చలికాలమంతా దక్షిణానికి వాలి ఊగేది, ఉన్నట్టుండి ఉత్తరానికి తిరిగి ఎగిరింది. గాలి మళ్ళింది. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ గాలి ఒంటికి తగలగానే నా కాళ్ళు నేను చెప్పకుండానే వేగం పెంచాయి. మోకాలు కొత్తదే గానీ, దానికి పాత సంగతులన్నీ ఎవరో చెప్పేసినట్టున్నారు.

నాకు వసంతం పంచాంగంలో కాదు, పిక్కల్లో వస్తుంది. మామిడిపూత రాలి పిందెలు పడే రోజుల్లో ఒక చోట కుదురుగా కూర్చోలేను. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పినంతకాలం ఆ గుణం బల్లకీ బోర్డుకీ మధ్య పచార్లతో సరిపోయింది. రిటైరయ్యాక బయటపడింది. పేపరు తెరిచి మూసేవాణ్ణి. ఫ్రిజ్ తెరిచి మూసేవాణ్ణి. గుమ్మంలో చెప్పుల్ని ఒక వరసలో పెట్టి, నచ్చక ఇంకో వరసలో పెట్టేవాణ్ణి. కాలు కాలిన పిల్లిలా నేను ఇల్లంతా తిరుగుతుంటే, అల్లరి పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టడంలో స్కూల్లో పేరు తెచ్చుకున్న మా ఆవిడే చేతులెత్తేసి, "ఏదైనా వ్యాపకం పెట్టుకోండి, లేకపోతే నన్ను పుట్టింటికి పంపించండి" అంది. అలా ఇంటికొచ్చింది గేర్ల సైకిల్.

ఊళ్ళో సైకిళ్ళు తొక్కే కుర్రాళ్ళ జట్టు ఒకటుంది. 'అంకుల్, అంకుల్' అంటూ నన్ను చేర్చుకున్నారు. ఏటా ఎండలు ముదరకముందు వాళ్ళొక పెద్ద సవారీ పెడతారు. రెండు వందల కిలోమీటర్లు, పెట్టిన గడువులోగా తొక్కి రావాలి. మొదటి ఏడు నేను సగంలో ఆగిపోయి, గడ్డి లారీ ఎక్కి తిరిగొచ్చాను. మరుసటి ఏడు వచ్చేసరికి మోకాలి చిప్ప కింద ఇసక పోసినట్టు కరకరలాడడం మొదలైంది. డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, వేసవిలో మోకాలు మార్చేద్దామనీ, ఆ తర్వాత ఇంతింత దూరాలు మర్చిపొమ్మనీ చెప్పారు. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క వసంతం.

మెట్లు దిగేటప్పుడు నేను గోడ పట్టుకోవడం మా ఆవిడ చూస్తూనే ఉంది. ఆ సవారీకి ముందు తర్ఫీదుగా అవనిగడ్డ దాకా వెళ్ళి రావాలని నేను చెప్పినప్పుడు వద్దనలేదు. ఒక షరతు పెట్టింది. "మీ అంతట మీరు తొక్కుకుంటూ ఇంటికొస్తే ఆ రెండు వందలకి నేను అడ్డు చెప్పను. దారిలోంచి ఫోను చేసి కారు పంపమన్నారో, సైకిల్ మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేస్తా." మా ఆవిడ మాటంటే మాటే. పోతే పోనీ, ఇనప ముక్కే కదా అనుకోబోయాను. కుదరలేదు. ఆ సైకిల్ పోతే నాకు మళ్ళీ ఆ పేపరూ, ఆ ఫ్రిజ్జూ, ఆ చెప్పుల వరసలే గతి. తలుచుకుంటేనే భయం వేసింది.

షరతుతో ఆగకుండా, నాకు తోడుగా మా వియ్యంకుణ్ణి పంపే ఏర్పాటు కూడా చేసింది.

మా వియ్యంకుడిది బందరు వైపు నేత కుటుంబాల ఊరు. మగ్గాల మీద నేయించిన చీరలు గవర్నర్‌పేట షాపులకు వేస్తుంటారు. వయసులో ఉన్నప్పుడు చీరల మూటలు క్యారియర్‌కి కట్టుకుని సైకిల్ మీద ఊరూరూ తిరిగిన మనిషి. మా అమ్మాయీ వాళ్ళబ్బాయీ వాళ్ళంతట వాళ్ళే ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. కులాలు వేరు కావడంతో ఎవరికీ ఏ మాటా తగలకూడదని రెండు వైపులా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుచుకున్నాం. ఆ పెళ్ళిలో పేచీ అన్నది లేదు. పప్పులో ఉప్పెక్కువైందన్న మేనత్త లేదు, తనను ఎవరూ పలకరించలేదన్న బాబాయి లేడు. ఫోటోగ్రాఫరు పెళ్ళికొడుకుని అలకపాన్పు మీద కూర్చోబెట్టి, "అలిగినట్టు మొహం పెట్టండి సార్, బండో ఉంగరమో అడగండి" అంటే, అల్లుడు సిగ్గుపడి ఏమీ వద్దని లేచిపోయాడు. పక్కనే నిలబడ్డ వాళ్ళ నాన్నగారు కూడా, "మాకేం వద్దండీ, మీరేం అనుకోకండి" అన్నారు. అలగని వియ్యాలవారు దొరికారని మా వాళ్ళంతా నన్ను అభినందించారు. నాకు మాత్రం ఎక్కడో వెలితిగా ఉండేది. చిన్న తగువైనా పడితే కదా తర్వాత తలుచుకుని కలిసి నవ్వుకునేది. మేమిద్దరం ఎప్పుడు కలిసినా, "మీరు కూర్చోండి బావగారూ", "అబ్బే, ముందు మీరు కూర్చోండి" అనుకుంటూ నిలబడే కాఫీ తాగేసేవాళ్ళం.

మా ఆవిడ ఆ మర్యాద మీదే లెక్క వేసుకుంది. మగపెళ్ళివారిని దాటి ముందుకు పోకూడదు గనక నేను నెమ్మదిగా తొక్కుతాను. ఆయన తోట్లవల్లూరులో టీ తాగి, ఇక చాలని వెనక్కి తిప్పుతారు. నేను కాదనలేను. మోకాలు బతికిపోతుంది. ఈ సంగతి ఆయనకు ముందే ఫోన్లో చెప్పి ఉంచిందని నాకు ఆ రోజు సాయంత్రం దాకా తెలియదు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఒక చిక్కు వచ్చి పడింది. సైకిల్ తొక్కడానికి నేను వేసుకునే నిక్కరు ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, వెనక మెత్త కూడా ఉంటుంది. "ఆ అవతారంలో వియ్యంకుడి ముందుకెళ్తారా?" అంది మా ఆవిడ. నిజమే. దాని మీద పాత పైజామా ఒకటి తొడుక్కుని, చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాను. కిందికి వెళ్ళేసరికి, ముందురోజే సైకిల్‌తో సహా భార్యతో వచ్చి కొడుకింట్లో దిగిన ఆయన, తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా, తలకి తడి తువ్వాలు చుట్టుకుని, తన పాత నల్ల సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. క్యారియర్‌కి పులిహోర టిఫిన్ కట్టి ఉంది. "మీరు ముందు పదండి బావగారూ" అన్నాను. "అయ్యో, మీరు పదండి" అన్నారు. గేటు దగ్గర ఈ గొడవ తేలక పాలవాడు మా ఇద్దరి మధ్యలోంచి దూరిపోయాడు. చివరికి ఆయనే ముందు కదిలారు.

యనమలకుదురు దాటి కృష్ణ కరకట్ట ఎక్కగానే ఊరంతా కిందకి దిగిపోయినట్టుంటుంది. ఎడమవైపు అరటితోటలు, కుడివైపు లంకలు, ఆ అవతల ఇసక మేటల మధ్య సన్నబడ్డ నది. ఎండ ఇంకా ముదరలేదు. పొలాల్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి గట్టు మీదికి వచ్చి మొహానికి తగిలితే ముక్కూ గొంతూ వెచ్చబడిపోయాయి. ఆకులన్నీ దులిపేసుకున్న బూరుగు చెట్లు ఎర్రటి పూలు టపటపా రోడ్డు మీదికి జారవిడుస్తున్నాయి. ఒకటి ఆయన తువ్వాలు మీద పడి చాలా దూరం ప్రయాణం చేసింది. చెబుదామనుకున్నాను గానీ, అది పడిపోతుందని ఊరుకున్నాను. గొలుసు సన్నగా పాడుతోంది. లోపల ఇన్నాళ్ళూ అటూ ఇటూ తిరిగిందేదో ఒక దారిలో పడ్డట్టయింది. సంతోషంగా ఉన్నప్పుడు సంతోషంగా ఉన్నానని తెలియడం నాకు అరుదు. ఆ పొద్దు తెలిసింది.

కాస్త ముందుకెళితే రోడ్డంతా మినప కట్టె పరిచి ఉంది. మా వైపు అది మామూలే. పీకిన మినుము తారు రోడ్డు మీద ఆరబోస్తే, వచ్చేపోయే బళ్ళే గింజ రాల్చి పెడతాయి. కార్లవాళ్ళు తిట్టుకుంటూ పోతారు. సైకిల్‌కి అది గడ్డివాములోకి దూరినట్టే. గేర్ల మధ్య తీగలు చుట్టుకుని నా చక్రం ఆగిపోయింది. వియ్యంకుడు దిగి, నేను వద్దంటున్నా వినకుండా, చేత్తో తీగలు పీకడం మొదలుపెట్టారు. కట్టె తిరగేస్తున్న ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "పెద్దోళ్ళు, ఎక్కడికి బాబాయ్ ఇంత పొద్దున్నే?" అంది. "అవనిగడ్డమ్మా" అన్నారాయన. "పనేంటి?" అంది. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. "పనేం లేదమ్మా, వెళ్ళి రావడమే" అన్నాను. "పని లేపోతే ఇందులో ఇంకో నాలుగు చుట్లు తొక్కి పోండి, గింజన్నా రాలుద్ది" అంది. నిజంగానే తొక్కి పోయాం.

తోట్లవల్లూరు వచ్చింది. నా మోకాలు టీ కావాలంది. ఆయన ఆగితే ఆగుదామనుకున్నాను. టీ కొట్టు దగ్గర ఆయన సైకిల్ కాస్త నెమ్మదించింది, తల కొంచెం వెనక్కి తిరిగింది, మళ్ళీ ముందుకి సాగింది. ఆపమని నేనెలా అంటాను? మగపెళ్ళివారు తొక్కుతుంటే ఆడపెళ్ళివాడు కాళ్ళు నొప్పులనడం ఏం బాగుంటుంది? అలా ఆ ఊరూ, దాని తర్వాతి ఊరూ, ఆ తర్వాతి ఊరూ దాటేశాం.

ఎండెక్కాక సముద్రం గాలి లేచింది. సరిగ్గా మొహానికి ఎదురు. సైకిళ్ళ మీద ఇద్దరు వెళుతుంటే ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకున్నవాడు ఆ చాటున సుఖంగా పోతాడు. అందుకే జట్టులో వంతులు మార్చుకుంటారు. ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పిన నాకు ఇది ఒకరు చెప్పాలా? కానీ వంతు మార్చుకోవాలంటే ఆయన్ని దాటాలి. చివరికి ధైర్యం చేసి, "బావగారూ, కాసేపు నేను ముందుంటానండీ" అని అరిచాను. ఆయనకు ఎలా అర్థమైందో గానీ, "అయ్యో, పర్లేదండీ, వస్తున్నా" అని ఇంకా గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. ఇంకోసారి అంటే ఇంకా గట్టిగా. ఇక అనడం మానేశాను. అలా ఆ బరువు సైకిల్ మీద ఆ పెద్దమనిషి పులిగడ్డ దాటి అవనిగడ్డ దాకా నా వాటా గాలి కూడా తనే మోశారు.

అవనిగడ్డ టీ కొట్టు ముందు దిగుతూనే ఆయన కుడి కాలు కర్రలా బిగుసుకుపోయింది. పిక్క పట్టేసింది. పక్కనున్న కల్వర్టు దిమ్మ మీద కూర్చోబెట్టాను. మొహంలో నెత్తురు లేదు. అల్లుడి కాళ్ళు పెళ్ళిలో కడిగాను గానీ, వియ్యంకుడి పిక్క పట్టుకోవడం అదే మొదలు. "వద్దండీ, తప్పండీ" అంటూనే ఆయన "అమ్మా" అని నా భుజం గట్టిగా పట్టుకున్నారు. కొట్టు ఆవిడ ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది. అది తాగి తేరుకున్నాక నేను గాలి సంగతి చెప్పాను. మిమ్మల్ని ఎదురుగాలికి పెట్టి నేను చాటున వచ్చానండీ అన్నాను. ఆయన విస్తుపోయి చూశారు.

"అదేంటండీ! మీరు వెనకాల నుంచి తోల్తన్నారని కదా నేను ఆగకుండా తొక్కింది. నేను నెమ్మదిగా పోతున్నాననీ, మిమ్మల్ని ముందుకు రానివ్వమనీ అంటున్నారేమో అనుకున్నా."

"నేను తోలడమేంటండీ, మీరెక్కడ ఆగుతారా అని తోట్లవల్లూరు నుంచి చూస్తున్నా."

ముందు ఆయన నవ్వారు. తర్వాత నేను నవ్వాను. టీ గ్లాసులు కడుగుతున్న ఆవిడ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. పెళ్ళయిన ఇన్నాళ్ళకి మేమిద్దరం ఒకే దిమ్మ మీద పక్కపక్కన కూర్చున్నామని అప్పుడు గమనించాను.

నవ్వు అయ్యాక అసలు కష్టం మిగిలింది. ఆయన తిరిగి తొక్కలేరు. బస్సెక్కిపోతానన్నారు గానీ, లేచి నిలబడితే కాలు వణుకుతోంది. నేను ఫోను తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దండీ. ఫోను చేస్తే సైకిల్ పోద్దని చెల్లెమ్మ చెప్పింది." నేను గోడకి ఆనించిన నా సైకిల్ వైపు చూశాను. ఏడుపొచ్చినంత పనైంది, దాచడం ఎందుకు. అయినా మనిషి కన్నా ఎక్కువేం కాదు గదా. నంబరు నొక్కాను. మా ఆవిడ ఆయన ఎలా ఉన్నారని రెండుసార్లు అడిగి, సైకిల్ మాట ఎత్తకుండా పెట్టేసింది. ఎత్తకపోవడంలోనే నాకు తెలిసిపోయింది.

కారు వచ్చేదాకా పులిహోర తిన్నాం. నేను అడక్కుండానే ఆయన చెప్పుకొచ్చారు. పంట ఇంటికొచ్చే ఈ కాలంలోనే పల్లెల్లో చీరలు కొనేవారట. అందుకని మాఘం వెళ్ళగానే మూట కట్టుకుని ఈ గట్టు మీదే తిరిగేవారట. ఇప్పుడు సరుకంతా పార్సిల్ ఆఫీసులో వేస్తే చాలు. "పని తగ్గింది, మంచిదే. కానీ ఈ గాలి మళ్ళిందంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాదండీ. కాళ్ళు లాగుతాయి. మా ఇంట్లో చెప్తే, తైలం రాసుకో అంటారు." నేను తింటున్నది ఆపి ఆయన వైపు చూశాను. నా జబ్బే ఇంకొకరికి కూడా ఉందని, అదీ మా వియ్యంకుడికే ఉందని తెలిస్తే కలిగే నెమ్మది ఇంతా అంతా కాదు.

కారులో మా ఆవిడ, వియ్యపురాలు వచ్చారు. అల్లుడు నడుపుతున్నాడు. వాళ్ళ నాన్న కాలు చూసి, ఫరవాలేదని తేల్చుకుని, ఆయన నల్ల సైకిల్‌ని వెనక కట్టాడు. రెండోది కూడా కట్టడానికి నా సైకిల్ వైపు నడిచాడు. "ఎక్కండి" అంది మా ఆవిడ నాతో, మొహం చూడకుండా. నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. వియ్యంకుడు మాత్రం దిమ్మ మీద నుంచి లేవలేదు.

"నాన్నా, రండి" అన్నాడు అల్లుడు.

"నేను రాను."

"కాలు నొప్పా అన్నయ్యగారూ?" అంది మా ఆవిడ కంగారుగా.

"కాలు బానే ఉందమ్మా. నేను అలిగాను."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని, నది వైపు తిరిగి కూర్చున్నారు. "పెళ్ళిలో మావాడు అలకపాన్పు ఎక్కలేదు. నేనూ ఏం అడగలేదు. అడగాల్సింది అట్లాగే ఉండిపోయింది చెల్లెమ్మా. ఇప్పుడు అడుగుతున్నా. ఫోను నా కోసం చేశారు గానీ ఆయన కోసం కాదు. బావగారు సైకిల్ మీదే ఇంటికి రావాలి. రెండు వందలూ తొక్కాలి. సైకిల్ ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఒప్పుకుంటేనే కారెక్కుతా."

వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈయన అలగడం నేనూ ఇదే చూడడం వదినగారూ. నా దగ్గరెప్పుడూ అలగలేదు" అంది. మా ఆవిడ ఆయన్ని చూసింది, నా మోకాలిని చూసింది. "మీకు తోట్లవల్లూరులో తిప్పమని చెప్పాను కదా అన్నయ్యగారూ" అంది చివరికి, దాదాపు ఏడుపు గొంతుతో. "నోరు రాలేదమ్మా. అంత ఇష్టంగా తొక్కుతుంటే ఎట్లా చెప్పను?" అన్నారాయన. మగపెళ్ళివారు అలిగాక తీర్చకుండా ఇంటికెళ్ళిన ఆడపెళ్ళివారు ఎక్కడైనా ఉన్నారా? మా ఆవిడ అల్లుడి చేతిలోంచి నా సైకిల్ తనే తీసుకుని, నడిపించుకుంటూ తెచ్చి నాకిచ్చింది. "నెమ్మదిగా రండి" అంది.

నెమ్మదిగా ఎక్కడ? పొద్దున ఎదురొచ్చిన గాలి ఇప్పుడు వీపున పడింది. పెడల్ మీద కాలు పెడితే చాలు, గట్టే కిందనుంచి వెనక్కి జరిగిపోతోంది. కాసేపు కారు నా వెనకే వచ్చింది. తర్వాత పక్కకి వచ్చింది. కిటికీలోంచి వియ్యంకుడు చెయ్యి బయట పెట్టి, "పోనీండి బావగారూ, పోనీండి!" అని అరుస్తున్నారు. నేను ఇంకా గట్టిగా తొక్కి, ఆయన కారుని దాటి ముందుకెళ్ళాను. మగపెళ్ళివారిని దాటడం అదే మొదటిసారి. సిగ్గు పడలేదు సరికదా, గంట కూడా కొట్టాను. మినుము ఆవిడ చీపురు పట్టుకుని గింజ పోగేస్తోంది. "వెళ్ళొచ్చారా?" అంది. "వెళ్ళొచ్చామమ్మా" అన్నాను. పటమట చేరేసరికి మోకాలు బూరెలా పొంగింది. ఆ నొప్పి కూడా నాకు ముద్దుగానే ఉంది.

ఆ తర్వాత ఆ రెండు వందలూ తొక్కాను. గడువు మీరకుండానే వచ్చానని ఒక పతకం ఇచ్చారు. వంటింట్లో మేకుకి వేలాడుతోంది, దాని మీద మా ఆవిడ టీ వడకట్టు తగిలిస్తుంది. ఆ సవారీ గురించి చెప్పమంటే నాకు రెండు ముక్కలకి మించి రావు. ఆపరేషను ఆ వేసవికి అవలేదు, ఇంకొన్ని వేసవులు లాగించాను. ఏటా ఫాల్గుణంలో ఆయనా నేనూ కరకట్ట ఎక్కేవాళ్ళం. వంతులు మార్చుకుంటూ తొక్కడం ఇద్దరం నేర్చుకున్నాం. తోట్లవల్లూరులో టీ తాగేవాళ్ళం, కూర్చునే.

ఇవాళ దుప్పటి తిరిగిన సంగతి చెబుదామని స్టాండు మీద నుంచే ఆయనకు ఫోను చేశాను. "ఇక్కడా మళ్ళిందండీ. పొద్దుట్నుంచి మగ్గాల షెడ్డులో క్యాలెండరు కొట్టుకుంటోంది" అన్నారు. నా పరిస్థితి చెప్పాను. ఫిజియో అమ్మాయి ఇంకా వదలడం లేదు, మా ఆవిడ అసలే వదలదు, వసంతం ఎదురింటి మేడ మీద నుంచే పోయేలా ఉంది అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "అలగమంటారా?" అన్నారు.

నవ్వుతూ ఫోను పెట్టేసి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. కాలం కూడా మగపెళ్ళివారి లాంటిదే అనిపించింది. దాన్ని దాటి ముందుకు పోలేం, ఆగమని నోరు తెరిచి అడగలేం. ఎప్పుడైనా ఒక పూట అదే దయతలిచి మన కోసం దిమ్మ మీద అలిగి కూర్చుంటే, గాలి వీపున ఉండగానే ఇంటిదాకా తొక్కుకు రావాలి.